హెచ్చరిక ఫ్రీయే సార్, గేజి కొంటేనే కనబడుతుంది

విమానం ముక్కుకు అటొకటి ఇటొకటి చిన్న లోహపు పలకలుంటాయి. గాలి ఎటు నుంచి తగిలితే అటు తిరుగుతాయి. రెక్కలకు గాలి ఏ కోణంలో తగులుతోందో కంప్యూటర్‌కు చెప్పడం వాటి ఉద్యోగం. యాంగిల్ ఆఫ్ ఎటాక్ (ఏఓఏ) సెన్సర్లు అంటారు. రెండెందుకంటే, ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుందని. సంబంధం చూడటానికి వెళ్లిన మనవాళ్లు కూడా పిల్లాడి గురించి ఒక్కరినే అడిగి తాంబూలాలు పుచ్చుకోరు కదా.

ఈ పాత చాదస్తాన్ని వదిలించుకున్న ఘనత బోయింగ్ వారిది. 737 మాక్స్‌కు పెద్ద ఇంజన్లు పెట్టారు. అవి పట్టక కాస్త ముందుకూ పైకీ జరిపారు. దాంతో కొన్ని సందర్భాల్లో విమానం ముక్కు ఉండాల్సిన దానికన్నా పైకి లేస్తోంది. లేచిన ముక్కును దించడానికి ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అది పైలట్‌ను అడగదు, తనంతట తనే తోక రెక్కను తిప్పేస్తుంది. ఎవరి మాట విని? రెండు సెన్సర్లలో ఒక్కదాని మాట విని. ఒక ట్రిప్పుకు ఎడమది, తర్వాతి ట్రిప్పుకు కుడిది. దేనికీ అన్యాయం జరగకుండా వంతులు వేశారు. రెండింటినీ ఒకేసారి అడిగితే అభిప్రాయ భేదాలొస్తాయని కాబోలు, ఆ పని మాత్రం చేయలేదు.

పైలట్ల మాన్యువల్‌లో ఎంకాస్ గురించి వివరంగా రాస్తే వాళ్లకు టెన్షన్. కంపెనీకి ఇంకా టెన్షన్. కొత్త సంగతి ఉందంటే సిమ్యులేటర్‌లో శిక్షణ ఇవ్వమంటారు. అలా ఇవ్వాల్సి వస్తే విమానానికి పది లక్షల డాలర్ల చొప్పున తగ్గిస్తామని ఒక పెద్ద అమెరికన్ ఎయిర్‌లైన్‌కు బోయింగ్ మాటిచ్చి ఉంది. కాబట్టి రాయలేదు. పాత 737 నడిపేవాళ్లు కంప్యూటర్ ముందు కాసేపు కూర్చుని పాఠం చూస్తే చాలు, మాక్స్ ఎక్కేయొచ్చన్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటుంది. రెండు సెన్సర్లు చెరో మాట చెబితే పైలట్ తెర మీద ‘ఏఓఏ డిజగ్రీ’ అని హెచ్చరిక రావాలి. అన్ని మాక్స్‌లలోనూ రావాలనే అనుకున్నారు. కానీ కోణాన్ని చూపించే గేజి కొన్న ఎయిర్‌లైన్లకే వచ్చేలా సాఫ్ట్‌వేర్ తయారైంది. గేజి ఆప్షనల్. కొన్నది అయిదింట ఒక వంతు మందే. ఆ అమ్మకాల గదిలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోకుండా ఉండలేకపోతున్నాను.

“రండి సార్, కూర్చోండి. మాక్స్ ఒకటి చాలా, ఓ యాభై రాయమంటారా?”

“యాభై. సెన్సర్లు ఎన్నుంటాయి బాబూ?”

“రెండు సార్. ఎడమొకటి, కుడొకటి.”

“రెండూ చెరో మాట చెబితే?”

“హెచ్చరిక వస్తుంది సార్. మీ పైలట్ కళ్లెదురుగానే.”

“దానికెంత?”

“భలేవారే! ఫ్రీ సార్. అన్ని మోడళ్లకూ ఇస్తున్నాం.”

“ఫ్రీయే కదా, మరి వస్తుందిగా?”

“గేజి తీసుకుంటే వస్తుంది సార్. గేజికి వేరే రేటు.”

“గేజి వద్దయ్యా, హెచ్చరిక చాలు.”

“అలాగే సార్, ఉంటుంది. కనబడదు, అంతే.”

“కనబడని హెచ్చరిక నేనేం చేసుకోను?”

“2020లో సాఫ్ట్‌వేర్ మారుస్తాం సార్, అప్పుడు కనబడుతుంది.”

“అప్పటిదాకా?”

“అప్పటిదాకా సెన్సర్లు పోట్లాడుకోవు లెండి. ఈ సీట్ల గుడ్డ చూడండి సార్, ఎన్ని రంగులో!”

కల్పనే, కానీ అందులో నేను కలిపిన ఉప్పూకారం తక్కువ. హెచ్చరిక పనిచేయడం లేదని బోయింగ్‌కు 2017లోనే తెలిసింది. భద్రతకు ఢోకా లేదని తమలో తామే తేల్చుకుని, 2020లో రాబోయే మార్పులతో పాటు సరిచేద్దామనుకున్నారు. కొన్నవాళ్లకు చెప్పలేదు. 2019 మేలో, అంటే రెండు విమానాలు కూలాక, విమానం సురక్షితంగా నడవడానికి ఆ హెచ్చరిక అవసరమే లేదని ప్రకటించారు. అవసరం లేని ఆ హెచ్చరికనే తర్వాత అన్ని మాక్స్‌లకూ పెట్టారు. దాతృత్వమంటే ఇదే.

2018 అక్టోబర్ 28న బాలిలో ఒక లయన్ ఎయిర్ మాక్స్‌కు ఎడమ సెన్సర్ మార్చారు. మార్చిన సెన్సర్ 21 డిగ్రీలు తప్పు చూపిస్తోంది. ఆ రాత్రి జకార్తాకు వెళ్లిన సిబ్బంది అష్టకష్టాలు పడి దిగారు. లాగ్‌బుక్‌లో వేగం తేడా, ఎత్తు తేడా అని రాశారు. సెన్సర్ల తేడా అని ఎలా రాస్తారు? తెర మీద ఆ మాట వస్తే కదా. జకార్తాలో మెకానిక్కులకు అసలు జబ్బు దొరకలేదు. 29న అదే విమానం 189 మందితో లేచింది. కెప్టెన్ మన ఢిల్లీ కుర్రాడు, 31 ఏళ్లు. నేల వదిలిన దగ్గర్నుంచి, విమానం పడిపోబోతోందన్న తప్పుడు హెచ్చరికతో, చేతిలోని కంట్రోల్ కాలమ్ గడగడా వణుకుతూనే ఉంది. ఎంకాస్ పది సెకన్ల దాకా ముక్కు దించుతుంది, ఈయన ఎత్తుతాడు, అయిదు సెకన్లు ఆగి మళ్లీ దించుతుంది. ఇరవై సార్లకు పైగా ఇలాగే. పక్కన ఫస్ట్ ఆఫీసర్ హ్యాండ్‌బుక్ పేజీలు తిప్పుతున్నాడు. ఉద్దేశపూర్వకంగా రాయకుండా వదిలేసిన సంగతి కోసం వెతుకుతున్నాడు, పాపం. చివరికి విమానం జావా సముద్రంలో పడింది.

తర్వాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ లెక్క కట్టింది. మామూలు లెక్క కాదు, నిపుణులు కట్టిన లెక్క. సాఫ్ట్‌వేర్ మార్చకుండా వదిలేస్తే మాక్స్‌లన్నీ రిటైరయ్యే లోపు మరో 15 దాకా ఘోర ప్రమాదాలు జరగొచ్చని తేలింది. తేలాక ఏం చేశారు? ఎగరనిచ్చారు. పైలట్లకు నోటీసు పంపాం, వాళ్లు చూసుకుంటారన్నారు. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. పదిహేను! కాగితం మీద ఆ అంకె వేసిన మనిషి ఆ రాత్రి అన్నం ఎలా తిన్నాడు?

2019 మార్చి 10న అడిస్ అబాబా నుంచి లేచిన ఇథియోపియన్ విమానం ఆరు నిమిషాల్లో నేలను ఢీకొంది. 157 మంది. వాళ్లలో మన తెలుగింటి బిడ్డ కూడా ఉంది. ఎడమ సెన్సర్ 74 డిగ్రీలు దాటి చూపించింది. ఏ విమానమూ అంత నిక్కి ఎగరదని ఒక్క ‘ఇఫ్’ రాస్తే కంప్యూటర్‌కు తెలిసేది. పైలట్లు నోటీసులో చెప్పినట్టు తోక రెక్కను తిప్పే మోటారు స్విచ్‌లు ఆపారు. ఆపాక ఆ రెక్కను చేత్తో చక్రం తిప్పి సర్దాలి. ఆ వేగంలో గాలి ఒత్తిడికి చక్రం కదలలేదు. కదలడం లేదని ఫస్ట్ ఆఫీసర్ చెప్పిన మాట కూడా రికార్డైంది.

ఇంతా అయ్యాక ఒక అమెరికా చట్టసభ సభ్యుడు సెలవిచ్చారు, అమెరికాలో శిక్షణ పొందిన పైలట్లయితే నెగ్గుకొచ్చేవారని. అయ్యా, లయన్ ఎయిర్ పైలట్లకు ఎంకాస్ పేరు కూడా చెప్పలేదు కదండీ! పేదదేశపు పైలట్ అంటే ఎంత తేలిక! చనిపోయినవాడు లేచి వచ్చి సమాధానం చెప్పలేడని కదా ఆ ధైర్యం. లయన్ ఎయిర్ విమానానికి పెట్టిన ఆ తప్పు సెన్సర్‌ను బాగుచేసి పంపిన వర్క్‌షాపు ఫ్లోరిడాలో ఉంది. దాని లైసెన్సు రద్దు చేసింది కూడా ఎఫ్‌ఏఏనే. అక్కడి శిక్షణ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

బోయింగ్ సీఈఓ ఉద్యోగం పోయింది, వెళ్తూ వెళ్తూ 6 కోట్ల డాలర్లకు పైగా పట్టుకెళ్లాడు. 346 మంది పోతే జైలుకు వెళ్లినవాడు ఒక్కడూ లేడు. కంపెనీ మీద క్రిమినల్ కేసును ప్రభుత్వమే వద్దనుకుంటే, 2025 నవంబర్లో టెక్సాస్ జడ్జి కొట్టేశారు.

ఇంతకీ ఏం సరిచేశారని అడుగుతారేమో. ఎంకాస్ ఇప్పుడు రెండు సెన్సర్లనూ చూస్తుంది. 5.5 డిగ్రీలకు మించి తేడా వస్తే ముక్కు జోలికి పోదు. ఈ పోలికకు కొత్త సెన్సర్ బిగించాల్సిన పని పడలేదు. రెండోది మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది.