ఇంట్లో వాగి, అడవిలో మూగనోము పట్టే ట్రెక్కింగ్ యాప్ గారికి

అయ్యా యాప్ గారూ,

నమస్కారమండి. మాది కోనసీమలో పి.గన్నవరం అవతల ఓ గోదావరి లంక ఊరు. మీరు నా ఫోన్‌లో కాపురం పెట్టి ఏడాది దాటింది. అద్దె మీరివ్వాల్సింది పోయి నెలకోసారి నన్నే ప్రీమియం అడుగుతున్నారు కాబట్టి, ఇక మొహమాటం పక్కనపెట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. కోపగించుకోకండి. కోపం వచ్చినా మీరు చేసేదేముంది, ఇంకో నోటిఫికేషన్ పంపిస్తారు, అంతేగా.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కొండ అన్నది లేని ఊళ్ళో ఉండి కొండలెక్కే యాప్ దింపుకోవడం నా తెలివితక్కువే. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తయినది పంచాయతీ వాటర్ ట్యాంకు, దాని తర్వాత ఏటిగట్టు. మా బావ మారేడుమిల్లి వెళ్దామన్నాడు, టెంటు కూడా కొన్నాడు, ఆ ఊపులో మిమ్మల్ని దింపాను. దింపగానే మీరు నా లొకేషన్ అడిగారు, సరే, దారి చెప్పేవాళ్ళకి అది కావాలి. కెమెరా అడిగారు, ఇచ్చాను. ఆ తర్వాత కాంటాక్టులు అడిగారు చూడండి, అక్కడే నాకు అర్థం కాలేదు. ర్యాలిలో ఉండే మా మేనత్త నంబరుతో మీకేం పనండీ? నేను దారి తప్పితే ఆవిడకి ఫోన్ చేసి చెప్తారా? ఆవిడ ఎత్తదు, మధ్యాహ్నం సీరియల్ టైము.

మొదటిరోజు రిహార్సల్‌గా ఏటిగట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చి చూసుకుంటే, మీరు నా ఎత్తు మైనస్ 72 మీటర్లని చూపించారు. సముద్రం కంటే డెబ్బై రెండు మీటర్లు కింద! మా అమ్మ 1986 వరద చూసిన మనిషి, డాబా మీద మూడు రోజులు గడిపింది. ఆ వరదలో కూడా ఇంత లోతుకి మునగలేదురా అంది.

దీని సంగతి తర్వాత మా మేనల్లుడు చెప్పాడు. జీపీఎస్ ఎత్తు లెక్కగట్టేది సముద్రం నుంచి కాదట, భూమికి లెక్కల్లో గీసుకున్న ఓ నున్నటి గుడ్డు ఆకారం నుంచట. అసలు సముద్రమట్టం గురుత్వాకర్షణని బట్టి ఒకచోట పైకి, ఇంకోచోట కిందకి ఉంటుంది. మన వైపు ఆ గుడ్డు కంటే డెబ్బై మీటర్ల పైచిలుకు కిందకి ఉంటుంది, శ్రీలంకకి దక్షిణాన సముద్రంలో అయితే వంద మీటర్లు దాటి దిగిపోతుంది, ప్రపంచం మొత్తంలో అంత పల్లం ఇంకెక్కడా లేదు. ఆ తేడా సరిచేసి చూపించే యాప్‌లు బోలెడున్నాయి. మీరు సరిచేయలేదు సరికదా, పైగా కింద ‘గ్రేట్ జాబ్!’ అని పొగిడారు. డెబ్బై రెండు మీటర్ల లోతున నడిచినందుకు కాబోలు.

తర్వాత మీ సామాన్ల జాబితా. ఎలుగుబంటి మీద కొట్టే స్ప్రే, మంచులో బూట్లకి తొడిగే ముళ్ళు, ఉన్ని సాక్సులు ఆరు జతలు. దోమతెర మాత్రం లేదు. ఏజెన్సీకి వెళ్తూ దోమతెర మర్చిపోయినవాణ్ణి మలేరియా మర్చిపోదండీ. శాటిలైట్ మెసెంజర్ ఒకటి తప్పనిసరి అని ఎర్రక్షరాల్లో రాశారు. బయట దేశాల్లో అది ప్రాణాలు కాపాడుతుందేమో గానీ, మన దేశంలో శాటిలైట్ ఫోనైనా, ఆ మెసెంజరైనా టెలికాం శాఖ అనుమతి లేకుండా జేబులో ఉంటే నేరం, దాంతో దొరికిపోయి కేసుల్లో ఇరుక్కున్న విదేశీ టూరిస్టులున్నారు. మీ సలహా విని ఉంటే నేను మారేడుమిల్లి వెళ్ళేవాణ్ణి కాదు, స్టేషన్‌కి వెళ్ళేవాణ్ణి.

దిక్సూచి ముచ్చట ఇంకోటి. ఉత్తరం చూపించమంటే ముందు ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమన్నారు. రావులపాలెం సెంటర్లో, అరటి గెలలు దింపుతున్న కూలీల ఎదురుగా, నేను ఫోన్ పట్టుకుని ఎనిమిదులు తిప్పుతుంటే ఒకాయన ఆగి ‘ఎవరికండి దిష్టి?’ అని అడిగాడు. తీరా చూస్తే నా ఫోన్ కవర్‌కి అయస్కాంతం ఉంది, అందుకే ముల్లు తిక్కతిక్కగా తిరుగుతోంది. కవర్ తీసేయమని ఒక్క ముక్క చెప్తే పోయేదిగా! దిష్టి మాత్రం పోయింది లెండి, ఆ రోజంతా నన్నెవరూ మెచ్చుకోలేదు.

మా మ్యాపు మీకు ఎంత తెలుసో చూద్దామని సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి నడక దారి అడిగాను. కిలోమీటరు పైచిలుకు, ఇరవై నిమిషాలు అన్నారు. చుక్కల గీత ఒకటి తిన్నగా వశిష్ఠ గోదావరి మీదుగా గీశారు, వంతెన ఉన్నట్టు. అక్కడ ఉన్నది పంటండీ, ఏరు దాటించే పంటు. బళ్ళూ మనుషులూ కూరగాయల బుట్టలూ అన్నీ ఎక్కాక కదులుతుంది, అది వద్దనుకుంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. రేవులో నిలబడి సౌండ్ పెట్టి వింటే, రాజోలుని ‘రేజోల్’ అన్న అదే గొంతుతో ‘నేరుగా ముందుకు నడవండి’ అన్నారు. పక్కనున్న పెద్దాయన నీళ్ళ వంక చూసి, నా వంక చూసి, ‘ఆయ్, నడవండి మరి’ అన్నాడు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. ఒకటి మాత్రం నవ్వులాట కాదు. ఆగస్టులో క్యాంపింగ్‌కి మంచి చోటేదని అడిగితే, గోదావరి మధ్యలో ఇసుక తిన్నె ఒకటి చూపించి, నాలుగున్నర నక్షత్రాలు, ‘రివర్ వ్యూ’, వర్షం పడే అవకాశం పది శాతం అన్నారు. అయ్యా, మాకు వరద మా వర్షంతో రాదు. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది, పైన మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ పడిన వాన మా గట్టు కిందకి వచ్చేస్తుంది. మేం ముందు భద్రాచలం దగ్గర నీటిమట్టం చూస్తాం, 43 అడుగులు దాటిందంటే పశువుల్ని గట్టెక్కించే పని మొదలు. తర్వాత ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర చూస్తాం, 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో బడిపిల్లలకి ఎక్కాలు రాకపోయినా ఈ మూడు అంకెలు వస్తాయి. మీరు రివర్ వ్యూ అన్న చోట నాకు తెలిసి ఆగస్టులో రివరే ఉంటుంది, వ్యూ చూసే మనిషి ఉండడు. వేసవి సాయంత్రాల్లో కొబ్బరి తోటల మీద పిడుగులు పడే కాలానికి పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళు చేసిన దామిని యాప్ ఉంది చూడండి, మనమున్న చోటికి 20 కిలోమీటర్లలో, 40 కిలోమీటర్లలో పిడుగు పడుతుంటే చెప్తుంది. దానికి నక్షత్రాలూ లేవు, గ్రేట్ జాబూ లేదు. దాని మానాన అది పని చేసుకుంటుంది.

ఇక అసలు కథ. డిసెంబరులో మారేడుమిల్లి వెళ్ళాం. బావ, నేను, మా మేనల్లుడు. రాజమండ్రి నుంచి ఎనభై చిల్లర కిలోమీటర్లు, ఆ దారి పొడుగునా మీరు నోరు మూయలేదు. రాజానగరంలో ఎడమకన్నారు, కుడికన్నారు, స్పీడన్నారు, రంపచోడవరంలో దగ్గర్లో పెట్రోల్ బంకుందన్నారు, నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన రోడ్డు గురించి నాకే పాఠం చెప్పారు. మారేడుమిల్లి దాటి, బొంగు చికెన్ తిని, వాగు పక్క దారి పట్టి ఓ గంట నడిచాక, ఎదురుగా దారి రెండుగా చీలింది. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. తెల్లటి గళ్ళ కాగితం మీద నీలం చుక్క ఒకటి, దాని కింద మీరు రాసిన మాట: ‘ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వండి.’

ఆ మాట ఇంటి దగ్గర, వైఫై కింద, మంచం మీద పడుకుని ఉన్నప్పుడు చెప్పాలండీ! ఏడాదిపాటు రోజుకి మూడుసార్లు పలకరించారు, నీళ్ళు తాగారా, ఈ రోజు నడిచారా, మీ ఫ్రెండ్స్‌ని పిలవండి, యాభై శాతం తగ్గింపు అని. ఒక్కసారైనా ‘ఓరి నాయనా, వెళ్ళేముందు మ్యాపు దింపుకో’ అన్నారా? పైగా ఛార్జింగ్ 31 శాతం. పొద్దున్న 100 పెట్టుకుని బయల్దేరాను. టవర్ అందని చోట ఫోన్ పాపం టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుందని, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేస్తే ఆ బాధ ఉండదని, అందులో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుందని నాకేం తెలుసు? మా మేనల్లుడికి తెలుసు. వాడికి పద్నాలుగేళ్ళు. ‘మావయ్యా, జీపీఎస్‌కి సిమ్ముతో పనిలేదు, ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే శాటిలైట్లు చెప్పేది మన ఫోన్ వింటుంది, అంతే, తిరిగి ఏమీ చెప్పదు, నీలం చుక్క ఎప్పుడూ ఉంటుంది, చుక్క కింద మ్యాపు ఉండాలి’ అని, నన్ను చూసి జాలిపడి, వాడి ఫోన్ తీశాడు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఉచిత యాప్ ఏదో ముందురోజు రాత్రే జిల్లా మొత్తం దింపి పెట్టుకున్నాడు. 2004లో ఇంగ్లండ్‌లో ఒకాయన మొదలుపెట్టిన మ్యాపు అది, ఎవరికి తెలిసిన దారి వాళ్ళు గీసి పెట్టుకోవచ్చు. మీరు తెల్లకాగితం చూపించిన చోట అందులో వాగుంది, కాలిబాట ఉంది, ఆ పక్కన చిన్న ఊరు కూడా ఉంది.

ఆ ఊళ్ళోనే ఒక కొండరెడ్డి పెద్దాయన కనపడ్డాడు. ఇక్కడ మీరు అనుకుంటారు, ఆయన ఆకులు వాసన చూసి దారి చెప్పాడని. లేదండి. ఆయన చేతిలోనూ ఫోనుంది. ఇంటికి చెప్పాలి, సిగ్నల్ ఎక్కడొస్తుందని అడిగితే, ‘ఆ చింతచెట్టు దగ్గర ఒక పుల్ల వస్తది బాబూ, చెట్టు మొదట్లో కాదు, ఆ రాయెక్కి ఇటు తిరగాలి’ అన్నాడు. ఎక్కి తిరిగాను. ఒక పుల్ల వచ్చింది. ఆ ఒక్క పుల్ల మీద మా ఆవిడకి బాగానే ఉన్నామని చెప్పేలోపు, మీ నోటిఫికేషన్లు పదకొండు దిగాయి. మొదటిది: ‘మేం మిమ్మల్ని మిస్ అవుతున్నాం.’

ఇందాక నా ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందని చూపించింది. ఎవరు ఎక్కువ చోటు తింటున్నారో చూస్తే పైన మీ పేరే ఉంది. తీసేద్దామని వేలు పెట్టాను కూడా. కానీ వచ్చే ఆదివారం నరసాపురంలో పెళ్ళుంది, బావ కూడా వస్తున్నాడు. సఖినేటిపల్లి రేవులో, పంటు అవతలి ఒడ్డున ఉన్నప్పుడు, మీరు ‘నేరుగా ముందుకు నడవండి’ అనే మాట వాడి చెవిన పడాలి. అందాకా ఉండండి.

ఇట్లు,
మైనస్ 72 మీటర్ల నుంచి,
మీ అద్దె లేని ఇంటి ఓనరు