వాయిదా గారికి ఒక జూనియర్ లాయరమ్మ రాసుకున్న లేఖ

మహారాజశ్రీ వాయిదా గారి సముఖానికి,

ఒక జూనియర్ అడ్వకేట్ నమస్కరించి రాయునది. మీరు క్షేమమని తలుస్తాను. దేశంలో పెండింగ్ కేసులు 5 కోట్లు దాటాయని చదివినప్పుడే మీ ఆరోగ్యం గురించి నాకు బెంగ తీరిపోయింది.

విషయానికి వస్తాను. నల్లకోటులోనే ఉండిపోవాలా, తీసేసి ఏప్రన్ కట్టుకుని వంటశాలలోకి వెళ్లాలా అన్నది మా ఇంట్లో నడుస్తున్న వ్యాజ్యం. వాదిని నేను. ప్రతివాది నాన్న. అమ్మ సాక్షి, కాకపోతే ఇద్దరి తరఫునా సాక్ష్యం చెబుతుంది. ఇది తెమలకపోవడానికి పూర్తి బాధ్యులు మీరేనని నా ఫిర్యాదు.

ఈ వృత్తిలో నాకు మొదట నోటికొచ్చిన వాక్యం "సీనియర్ గారు హైకోర్టులో ఉన్నారు యువరానర్, కొంచెం టైమ్ కావాలి". లా కాలేజీ సిలబస్‌లో ఇది లేదు గానీ నాకు అన్నం పెడుతున్నది ఇదే. పెడుతున్నది అనడం కూడా కాస్త ఎక్కువే. నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వండని లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో ఒక సర్క్యులర్ పంపింది. సూచన మాత్రమే, ఆదేశం కాదు. మా సీనియర్ గారు దాన్ని శ్రద్ధగా చదివి, "బాగా రాశారమ్మా" అని నా చేతికిచ్చారు, ఫైల్లో పెట్టమని.

మీ మహిమ కోర్టు హాల్లో కన్నా వరండాలో బాగా తెలుస్తుంది. ఒక భాగపంపిణీ దావాలో మా కక్షిదారు ఇబ్రహీంపట్నం నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తాడు. చొక్కా జేబులో ఒక చీటీ ఉంటుంది. దాన్నిండా తేదీలే, అయిపోయినవి కొట్టేసి ఉంటాయి. పేరు పిలిచాక మా పని అరనిమిషంలో అయిపోతుంది. బయటికి రాగానే "ఏమైంది బిడ్డా?" అంటాడు. "వాయిదా పడ్డది పెద్దయ్యా." "మంచిది, ఎప్పుడిచ్చిండ్రు?" అంటూ చీటీ చాపుతాడు. మొన్న కింద జాగా లేక వెనక్కి తిప్పి రాశాను. ఆయన కోపం తెచ్చుకున్నా నాకింత ఇబ్బంది ఉండేది కాదు.

చట్టం మిమ్మల్ని అదుపులో పెట్టాలని చూడకపోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డర్ ప్రకారం, దావా విచారణలో ఒక పక్షానికి మూడుసార్లకు మించి మిమ్మల్ని ఇవ్వకూడదు. 2002 జూలై నుంచి అమల్లో ఉంది. చేయిదాటిన పరిస్థితుల్లో ఆ లెక్క పట్టుకుని కూర్చోనక్కర్లేదని 2005లో సుప్రీంకోర్టు అంది. చేయిదాటిన పరిస్థితులంటే ఏమిటో మా గుమస్తాని అడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతాడు.

మీవల్ల మేలు లేదని అనను. ఇల్లు ఖాళీ చేయమన్న కేసులో కిరాయిదారు తరఫున నిలబడ్డ రోజు మీరే నాకు దేవుడు. పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఆ కుటుంబం అదే ఇంట్లో ఉండగలిగింది. ఓనరు నన్ను తిట్టుకున్నాడు, తిట్టుకోనీ.

మీ మీద భక్తి సడలింది మాత్రం నాగోల్‌లో ఒక ఫంక్షన్ హాల్ వెనకాల. మా బంధువుల పెళ్లి. కచ్చి బిర్యానీకి అడుగున పెరుగులో నానిన పచ్చి మాంసం పరిచి ఉంది. పక్కన బియ్యం ఉడుకుతోంది. వంట మాస్టర్ ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి, లోపల ఇంకా ఒక కనీ పలుకు ఉండగానే "నికాలో" అన్నాడు. ఆ మాటకు నలుగురు ఒకేసారి కదిలారు. వార్చడం, దేగ్‌లోకి ఎత్తడం, మూత చుట్టూ పిండి మెత్తడం, పైన నిప్పులు పోయడం చకచకా అయిపోయాయి. "మా సీనియర్ మాస్టర్ ఇంకో ఫంక్షన్‌లో ఉన్నారు, పాస్ ఓవర్ ఇప్పించండి, కాసేపాగి పిలవండి" అని ఒక్కరూ అనలేదు. అన్నా ఆ బియ్యం వినదు.

"మరి హలీం మాటేమిటి, అదీ నాలాగే గంటలు గంటలు తీసుకుంటుందిగా" అని మీరు అడ్డు తగలవచ్చు. తీసుకుంటుంది. కాకపోతే భట్టీ పక్కన ఘోట్నీలనే చెక్క రోకళ్లు పట్టుకుని మనుషులు దాన్ని దంచుతూనే ఉంటారు, చెమటలు కక్కుతూ. 2010లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది ఆ వంటకే. మా ఫైలును రెండు పేషీల మధ్య దంచడం అటుంచి, దుమ్మైనా ఎవరూ దులపరు.

ఇక ఇంటి కోర్టు సంగతి. యునెస్కో 2019లో హైదరాబాద్‌ను పాకకళల నగరంగా గుర్తించింది. మా మేనత్త ఇంకా గుర్తించలేదు. "ఇంత చదివి వంటమనిషివి అవుతావా?" అంటుంది. నా తొమ్మిదో తరగతి నుంచి వంట నేర్చుకోమని వెంటపడింది ఈవిడే. ఊరికే వండితే సంస్కారమట, జీతానికి వండితే పరువు పోతుందట. బార్ కౌన్సిల్ నిబంధనలు కూడా ఇంచుమించు మా అత్త రాసినట్టే ఉన్నాయి. అడ్వకేట్ స్వయంగా వ్యాపారం చేయకూడదు. స్లీపింగ్ పార్ట్‌నర్‌గా ఉండొచ్చు, అదీ వృత్తి గౌరవానికి భంగం కాదని వాళ్లనుకుంటే. అంటే హోటల్లో డబ్బు పెట్టి నిద్రపోతే గౌరవం, లేచి గరిటె పట్టుకుంటే తంటా.

నాన్న అలా కాదు, నెమ్మదస్తుడు. వద్దని ఒక్కనాడూ అనలేదు. ముందు అడ్వకేట్‌గా ఎన్‌రోల్‌మెంట్ కానీ అన్నారు. తర్వాత బార్ ఎగ్జామ్ రాయి అన్నారు. ఆ తర్వాత పెళ్లి కానీ అన్నారు. మూడూ అయిపోయాయి, అంటే వాయిదాలు, పెళ్లి కాదు. అంతలో జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. నాన్న పేపరు మడిచి, "మూడేళ్లు ఆగు తల్లీ, ఎటూ ఆగుతున్నావుగా" అన్నారు.

వంటశాల స్వర్గమని నేననుకోవడం లేదు. చేరగానే బస్తాల లెక్కన ఉల్లిపాయలు ఇస్తారు. పండగ రోజు అందరికీ సెలవైతే అక్కడ డబుల్ డ్యూటీ. చేతులు కాలుతాయి. అక్కడా సీనియర్లుంటారు, ఇక్కడికన్నా గట్టిగా అరుస్తారు. ఒకవేళ అడుగంటిందనుకోండి, ఆ పూటే తెలిసిపోతుంది, నా ముఖం మీదే చెబుతారు. నేను కోర్టుకు రాసిచ్చిన ప్లీడింగ్ బాగుందో లేదో తెలియాలంటే నాకు తల నెరవాలి.

కాబట్టి ఈ లేఖనే కోర్టు సమన్లుగా భావించి, దావాలో ప్రతివాది ఇచ్చినట్టే 30 రోజుల్లో జవాబివ్వండి. కుదరకపోతే 90 దాకా ఆగుతాను. ఆ గడువు కూడా తప్పనిసరేం కాదని 2005 నాటి తీర్పులోనే ఉందని మీరంటారు, నాకూ తెలుసు. అప్పటికి నేను కోర్టులో ఉంటానో పొయ్యి దగ్గర ఉంటానో చెప్పలేను గనక, జవాబు ఇంటి అడ్రసుకే స్పీడ్ పోస్టులో పంపండి. నాన్న సంతకం పెట్టి తీసుకుంటారు. ఆయన మీ మనిషే.

ఇట్లు,
ఒక జూనియర్