మధ్యవర్తి లేకుండా రాజీనా, ఎక్కడన్నా విన్నామా

1999లో డేవిడ్ లించ్ అనే అమెరికా డైరెక్టరు 'ద స్ట్రెయిట్ స్టోరీ' అని ఒక సినిమా తీశాడు. అది మన కృష్ణా గుంటూరు జిల్లాల కుటుంబ వ్యవస్థకి ఎంత ముప్పో ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి ఆ బాధ్యత నేనే నెత్తినేసుకుంటున్నా. మామూలుగా ఈయన సినిమాలు చూస్తే ఏది కలో ఏది నిజమో తెలియక తెల్లారేదాకా నిద్ర పట్టదు. ఇది మాత్రం డిస్నీ వాళ్ళు రిలీజ్ చేసిన, పిల్లలతో కూర్చుని చూసే సినిమా. అసలు డేంజర్ అక్కడే ఉంది. రేపు మీవాడు "నాన్నా, పెదనాన్న వాళ్ళింటికి మనమెందుకు వెళ్ళం" అని అడిగితే ఏం చెప్తారండీ మీరు?

కథ పెద్దగా ఏం లేదు. అయోవా రాష్ట్రంలో లారెన్స్ అనే ఊళ్ళో ఆల్విన్ స్ట్రెయిట్ అని 73 ఏళ్ళ ముసలాయన, నిజంగా బతికిన మనిషే. చూపు సరిగా ఆనదు కాబట్టి డ్రైవింగ్ లైసెన్స్ లేదు, చేతికర్రలు లేకపోతే నిలబడలేడు. సినిమాలో పదేళ్ళుగా మాటల్లేని తోడబుట్టినవాడికి పక్షవాతం వచ్చిందని ఫోనొస్తే, గడ్డి కోసే మెషిన్ వెనకాల ఒక ట్రైలర్ తగిలించుకుని పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌కి బయల్దేరతాడు. 386 కిలోమీటర్లు, అంటే బెజవాడలో ఎక్కి వైజాగ్ దాటాక కూడా ఇంకా కూర్చునే ఉండాలి, అదీ గంటకి ఎనిమిది కిలోమీటర్ల స్పీడుతో! మొదటి మెషిన్ దారిలోనే చెడిపోతే ఇంటికి తెచ్చి తుపాకీతో కాల్చేసి, 1966 మోడల్ జాన్ డీర్ సెకండ్‌హ్యాండ్‌లో కొని మళ్ళీ బయల్దేరాడండీ. మనవాళ్ళయితే ఆ మొదటి మెషిన్ ఆగినప్పుడే "చూశావా, శకునమే చెప్తోంది, వద్దని" అని చెప్పులిప్పి లోపలికొచ్చి కాఫీ అడిగేవాళ్ళు.

సరే, అభ్యంతరాల్లోకి వద్దాం. ముందుగా, గొడవేంటో చెప్పడు. కోపం, అహంకారం, మందు అని ముసలాయన ఒక ముక్క అనేసి ఊరుకుంటాడు. ఇదేం పద్ధతండీ? మన దగ్గర తగాదా అంటే తారీఖుతో సహా కంఠతా ఉండాలి. మా పెదనాన్నకీ బాబాయికీ మాటలు పోయింది గృహప్రవేశం భోజనాల దగ్గర. పెదనాన్నని రెండో బంతిలో కూర్చోబెట్టారు, అది కూడా సర్దుకునేవాడేమో గానీ ఆయన విస్తరి దగ్గరికి వచ్చేటప్పటికి పూర్ణాలు అయిపోయినయ్. వంటాయన "ఇప్పుడే వేయిస్తానండీ" అన్నాడు, పిన్ని "పర్లేదులే, బావగారికి షుగర్ కదా" అంది. అంతే! ఆ 'పర్లేదులే' అన్నది ఏ గొంతుతో అందో మా పెద్దమ్మ ఇప్పటికీ యాక్ట్ చేసి చూపిస్తుంది, చిన్నపిల్లలకి కూడా నేర్పింది.

పెదనాన్న ఉండేది బెజవాడ సత్యనారాయణపురం, బాబాయి గుంటూరు బ్రాడీపేట. మధ్యలో పట్టుమని నలభై కిలోమీటర్లు లేదు, నాన్‌స్టాప్ బస్సులున్నాయి, కృష్ణ మీద 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ ఉంది, అది చాలదన్నట్టు కనకదుర్గ వారధి ఉంది. ఆ ముసలాయన మిసిసిపీ నది దాటిపోయాడు గానీ మావాళ్ళు కృష్ణ ఎట్లా దాటుతారండీ, దాటాలంటే ఎవరో ఒకళ్ళు ముందు బయల్దేరాలి కదా.

ఇక్కడే సినిమా దెబ్బతింది. మధ్యవర్తి లేడు! రెండు గంటల సినిమాలో ఒక్క పెద్దమనిషి "నే మాట్లాడతా, నువ్వు కాస్త తగ్గు" అనడు. మాకు మంగళగిరిలో ఒక మావయ్య ఉన్నాడు, భౌగోళికంగా కూడా కరెక్టుగా మధ్యలో. పొద్దున సత్యనారాయణపురంలో పెసరట్టు ఉప్మా, సాయంత్రం బ్రాడీపేటలో మిరపకాయ బజ్జీ, ఇటు మాట అటు, అటు మాట ఇటు, దారిలో తనదొకటి కలిపి చేరవేస్తాడు. రాజీ కుదిరితే ఆయన టిఫిన్ల సంగతేంటి? ఆల్విన్ స్ట్రెయిట్‌కి ఇలాంటి ఆలోచనే రాలేదు, స్వార్థపరుడు.

జబ్బు కబురు తెలిసిన వెంటనే బయల్దేరడం కూడా మన సంప్రదాయం కాదు. ముందు ఎక్కడ పెట్టారో కనుక్కోవాలి. బెజవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో జనరల్ వార్డులో ఉన్నాడంటే కొడుకుని పంపిస్తే చాలు, ఐసీయూ అంటే తనే వెళ్ళొచ్చు గానీ లిఫ్ట్ దగ్గరే నిలబడాలి, వెంటిలేటర్ పెట్టారంటేనే లోపలికెళ్ళి చెయ్యి పట్టుకోవాలి. అప్పుడైతే అవతలివాడు తిరిగి ఏమీ అనలేడు కదా.

అలాగని మనవాళ్ళు అసలు కలవరని కాదు. 2015లో రాజధాని అమరావతికి 29 ఊళ్ళలో పొలాలు పూలింగ్‌కి తీసుకుని ఎకరానికి వెయ్యి గజాల ఇళ్ళ స్థలం, దాని మీద కమర్షియల్ గజాలు అన్నాక, అప్పటిదాకా గట్టు ఎటుందో కూడా తెలియని అన్నదమ్ములు టేపు పట్టుకుని ఒకే చేలో దిగారు, ఎంత కన్నులపండుగ. ఇంకా అందమైన సీన్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూడాలి. ఎన్టీఆర్ ఉండగా 1986లో పెళ్ళికాని ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని మన రాష్ట్రంలో చట్టం తెచ్చారు, 2005లో దేశమంతా వచ్చింది. ఆ పుణ్యమా అని ఏళ్ళ తరబడి మొహం చూసుకోని అన్నదమ్ములు ఒకే కార్లో ఏసీ వేసుకుని చెల్లెలి ఇంటికెళ్తారు, పసుపు కుంకుమ కింద చీర పెడతారు, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అని ఇద్దరూ కలిసి ఒకే పెన్ను అందిస్తారు, ఆమె తన వాటా వదులుకున్నట్టు రాసిచ్చే రిలీజ్ డీడ్ అయిపోయాక బయట టీ కొట్టు దగ్గర విడిపోతారు. లించ్ గారు ఈ సీన్ తీసుంటే నేనే లేచి చప్పట్లు కొట్టేవాణ్ణి.

ఆల్విన్ వేషం వేసిన రిచర్డ్ ఫార్న్స్‌వర్త్ మీద మాత్రం నాకే కంప్లైంటూ లేదు. పాత స్టంట్‌మ్యాన్, ఆస్కార్ నామినేషన్ వచ్చేటప్పటికి 79 ఏళ్ళు, షూటింగ్ నాటికే ఒంట్లో క్యాన్సర్, ఆ కుంటడంలో యాక్టింగ్ పాలు తక్కువే. దారిలో మెషిన్ బాగుచేసే కవల అన్నదమ్ములు ఒకళ్ళనొకళ్ళు సాధించుకుంటుంటే, ఆ ముసలాయన వాళ్ళతో రిపేరు బిల్లు మీద బేరమాడి తగ్గించుకుంటాడు చూడండి, అచ్చం ఆటోనగర్‌లో మా పెదనాన్నే.

ఆ ధైర్యంతోనే మొన్న పండక్కి మంగళగిరి మావయ్యని కూర్చోబెట్టి మొత్తం సినిమా చూపించా. ఆయన కదలకుండా చూశాడు. చివర్లో ముసలాయన ఇంటి ముందు నిలబడి తోడబుట్టినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు, లోపల్నుంచి కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు, అక్కడ మావయ్య ఇక ఆగలేకపోయాడు. "అందుకేరా అనేది, ముందు ఒక మనిషిని పంపి ఇంట్లో ఉన్నాడో లేడో కనుక్కోవద్దూ" అన్నాడు. తర్వాత ఆ ముసలాయన ఎప్పుడు బయల్దేరాడని అడిగాడు. నిజంగా జరిగింది 1994లో, జులైలో బయల్దేరి ఆగస్టు నడిమికి చేరాడని చెప్పా. మావయ్య వేళ్ళ మీద లెక్క కట్టి "నిండా ఆషాఢం కదరా!" అన్నాడు. మరి మనవాళ్ళ సంగతేంటి మావయ్యా అంటే, ఆషాఢం పోనివ్వు, తర్వాత మూఢం ఉందేమో పంచాంగం చూసి చెప్తా, ఈలోపు ఎవరికీ ఏమీ అనకు, రేపు పొద్దున నేను ఎలాగూ సత్యనారాయణపురం వెళ్తున్నా అన్నాడు.