మత్తు డాక్టరు అడగని ప్రశ్నలు

"నాకు మత్తు ఎక్కదు సార్" అని రోగి అంటే థియేటర్‌లో చాలామంది నవ్వి ఊరుకుంటారు. భయంతో అన్న మాట అనుకుంటారు. నిజమే, చాలాసార్లు అది భయమే. కొన్నిసార్లు మాత్రం వైద్యుడికి పనికొచ్చే సమాచారం. ఏకాగ్రత కుదరక, కుదురుగా ఉండలేక ఇబ్బంది పడే ఏడీహెచ్‌డీ వారి నోట ఈ మాట మరీ వినిపిస్తుంది. ఎండోస్కోపీకి ముందు ఇంజక్షన్ చేస్తే నిద్ర రాలేదని, పైగా చిరాకు పుట్టిందని, మాటలు ఆగలేదని, బల్ల మీంచి లేచిపోవాలనిపించిందని చెబుతారు.

ఇందులో వింతేమీ లేదు. ఇలాంటి పరీక్షలకు ఎక్కువగా వాడే మిడజోలం, మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి బలమిస్తుంది. కొద్దిమందిలో ఫలితం తలకిందులవుతుంది. పెద్దల్లో ఇది నూటికి ఒక్కరికన్నా తక్కువేనని సాధారణ అంచనా. పిల్లల్లో, వృద్ధుల్లో, మద్యం అలవాటున్నవారిలో, మానసిక సమస్యలున్నవారిలో అవకాశం ఎక్కువ. దీనికి ఫ్లూమజెనిల్ అనే విరుగుడు కూడా ఉంది. అసలు ప్రమాదం మందు ఇలా తలకిందులుగా పనిచేస్తోందని గుర్తించకపోవడంలో ఉంది. రోగి కొట్టుకుంటుంటే మత్తు చాల్లేదనుకుని అదే మందు మరికొంత ఎక్కిస్తే గొడవ ముదురుతుంది, ఊపిరి మందగించే ముప్పూ పెరుగుతుంది.

అయితే ఏడీహెచ్‌డీ ఉంటే మత్తు పనిచేయదని తీర్మానించడం తొందరపాటు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు మత్తు ఇచ్చేటప్పుడు మిగతావారికన్నా తక్కువగా సహకరించారు. ఇంటికెళ్లాక వారి ప్రవర్తనలో మార్పులూ ఎక్కువే కనిపించాయి. మెలకువ వచ్చేటప్పటి ప్రవర్తనలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఇబ్బంది మందు దగ్గరకన్నా ముఖానికి మాస్కు పెట్టే ఆ రెండు నిమిషాల దగ్గర ఎక్కువగా ఉంది. ఆకలితో, కొత్త మనుషుల మధ్య, అమ్మ చేయి వదిలించుకుని వచ్చిన పిల్లవాడు కుదురుగా ఉండాలని కోరడమే అత్యాశ.

ఏడీహెచ్‌డీకి వాడే మాత్రల సంగతి వేరు. మిథైల్‌ఫెనిడేట్ మెదడులో డోపమైన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాల ప్రభావాన్ని పెంచుతుంది. ఐసోఫ్లూరేన్ మత్తులో ఉన్న ఎలుకలకు దాన్ని ఇస్తే త్వరగా లేచాయని 2011లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఎలుకల ఫలితాన్ని తెచ్చి మనుషులకు అంటగట్టలేం. కానీ ఆ మాత్ర గుండె వేగాన్ని, రక్తపోటును పెంచగలదు కనుక మత్తు డాక్టరుకు అది తెలిసి తీరాలి. ఆపరేషన్ రోజు ఉదయం వేసుకోవాలా, ఆపాలా అన్నది ఆయన నిర్ణయించాలి. ఇదే సమస్యకు కొందరికిచ్చే క్లోనిడిన్‌ను హఠాత్తుగా మానేస్తే రక్తపోటు ఎగబాకుతుంది. ఆపరేషన్ కదా అని ఇంట్లోవాళ్లు సొంతంగా మాన్పించడం మరీ ప్రమాదం.

చిక్కంతా ఆ మాత్ర పేరు బయటికి రాకపోవడంలోనే. మన దగ్గర మానసిక వైద్యుడు రాసిన ఏ మాత్రయినా "పిచ్చి మందు" కిందే లెక్క. పెళ్లి సంబంధాలు చూస్తున్న అమ్మాయి అయితే ఆ చీటీ బీరువా దాటి రాదు. వరంగల్, హనుమకొండ ఆస్పత్రులకు ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చే రోగి వెంట నలుగురు ఉంటారు. ప్రశ్న రోగిని అడిగితే జవాబు మేనమామ చెబుతాడు: "ఏం అలవాట్లు లేవు సార్, మంచోడు." నా దృష్టిలో మత్తు ముందరి పరీక్షలో రక్త పరీక్షలకన్నా బలహీనమైన భాగం ఇదే. మేనమామను ఐదు నిమిషాలు బయట కూర్చోబెట్టాలి.

ఉత్తర తెలంగాణలో ఆ ఐదు నిమిషాల్లో అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: కల్లు తాగుతారా, ఎక్కడ తాగుతారు? కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డయజెపామ్ మిడజోలం కుటుంబానివే. రోజూ అవి ఒంట్లోకి పోతున్నవారికి మామూలు మోతాదు ఆనదు. ఆస్పత్రిలో చేరాక కల్లు ఆగిపోతే ఫిట్స్, సంధి ప్రేలాపన మొదలవుతాయి. "మత్తు వికటించింది" అని బంధువులు గొడవకు దిగేది అప్పుడే. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది ఇలాంటి లక్షణాలతోనే ఆస్పత్రుల పాలయ్యారు. అలాంటి రోగిని చూసి ఏడీహెచ్‌డీ అనుకున్నా తప్పే, ఏడీహెచ్‌డీ ఉన్నవాణ్ని చూసి తాగుబోతు అనుకున్నా తప్పే.

మత్తు ఎక్కలేదన్న ఫిర్యాదుల్లో కొన్ని అసలు ఫిర్యాదులే కావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. వాటిలో ఎక్కువ భాగం వెన్నులో ఇంజక్షన్‌తోనే జరుగుతాయి. నడుము కింద నొప్పి తెలియదు, మాటలన్నీ వినిపిస్తాయి, లాగుతున్నట్టూ ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆ తల్లి జీవితాంతం తనకు మత్తు పనిచేయలేదనే చెబుతుంది. చీము పట్టిన పంటికి ఇచ్చే ఇంజక్షన్ సరిగా పనిచేయకపోవడానికీ ఏడీహెచ్‌డీతో పనిలేదు; వాచిన చోట ఆమ్లత్వం పెరిగి మందు నరంలోకి సరిగా దిగదు.

ఖర్చు లేని పని ఒకటుంది. డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ వివరాలు పేజీ నిండా ఉంటాయి, మత్తు గురించి ఒక్క ముక్క ఉంటుంది. ఏ మందు, ఎంత మోతాదు, రోగి ఎలా స్పందించాడు అన్న మూడు వాక్యాలు అక్కడ చేర్చాలి. కొందరు వైద్యులు అడిగితే రాసిస్తారు. అడగకపోయినా రాయాలన్న నిబంధన ప్రభుత్వ ఆస్పత్రులతోనే మొదలుపెట్టవచ్చు. మళ్లీ థియేటర్‌కు వచ్చిన రోజు రోగి "నాకు మత్తు ఎక్కదు సార్" అనాల్సిన అవసరం ఉండదు, కాగితం చూపిస్తే చాలు.