ఫోటోలో లేని యాభై మంది

శ్రీకాకుళం జిల్లాలో మాదొక చిన్న డిగ్రీ కాలేజీ. పేరెందుకు లెండి, మీ ఊళ్లోనూ ఒకటుండే ఉంటుంది. మా దగ్గర పదకొండు క్లబ్బులున్నాయి. ఎకో క్లబ్బు, కన్జ్యూమర్ క్లబ్బు, సైన్స్ క్లబ్బు, సాహితీ క్లబ్బు, ఇంకా చాలా. తిరిగే ఫ్యాన్లు అన్ని లేవు. పిల్లల్లో ఎక్కువమంది నాలుగు గంటల బస్సుకి వెళ్లిపోతారు, అది పోతే పొద్దుపోయేదాకా మరోటి లేదు. కాబట్టి పదకొండు క్లబ్బులూ హాస్టల్లో ఉండే ఓ పాతికమంది భుజాల మీదే నడుస్తున్నాయి. వాళ్లలో ఒకడు ఎకో క్లబ్బుకి అధ్యక్షుడు, కన్జ్యూమర్ క్లబ్బుకి కార్యదర్శి, సాహితీ క్లబ్బులో ‘వర్ధమాన కవి’. ఈ సంగతి వాడికి మొన్న, కాలేజీల నాణ్యత తూచే న్యాక్ వాళ్లకి చూపించే ఫైళ్లు మేడ మీదికి మోస్తున్నప్పుడు తెలిసింది. మెట్ల మీద కూర్చుని చదువుకున్నాడు పాపం.

న్యాక్ వాళ్లు ప్రతి పనికీ రుజువు చూపించమంటారు. అడగడం న్యాయమే. ఫోటో లేకపోతే పని జరగనట్టే అన్నారు. దీన్నుంచి మా పెద్దలు తీసిన సిద్ధాంతం ఏమిటంటే, ఫోటో ఉంటే పని జరిగినట్టే. ఆ ఫోటో కూడా మామూలుది కాదు, జియో ట్యాగ్ ఫోటో. కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము అన్నీ పడాలి. పాత సంవత్సరాల కార్యక్రమాల కోసం ఫోన్లో తేదీ వెనక్కి తిప్పారు. వాట్సాప్ మాత్రం ఒప్పుకోలేదు, నీ ఫోన్లో తేదీ తప్పు, సరిచేసుకో అని మొరాయించింది. మా స్టాఫ్‌రూములో ఆ మాట అన్నది అదొక్కటే.

నేను చెప్పేది కామర్స్. అందుకని నన్ను హెరిటేజ్ క్లబ్బుకి కన్వీనర్‌ని చేశారు. ఫైలు ప్రకారం మేము యాభై మంది విద్యార్థుల్ని సాలిహుండం తీసుకెళ్లాలి. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు ఉన్న చోటు. బస్సుకి డబ్బుల్లేవు. ఫ్లెక్సీకి ఉన్నాయి. ఫోటో కాలేజీలో తీసేద్దామంటే ఆ దిక్కుమాలిన రేఖాంశం పట్టిస్తుంది. అందుకని అందరం బాగా ఆలోచించి, ఫ్లెక్సీ చుట్టి, మా అటెండరు బండి వెనక కట్టి పంపించాం.

గంటన్నర తర్వాత కొండ మీంచి ఫోనొచ్చింది. “మాస్టారూ, రెండో కొస ఎవల్ని పట్టుకోమంతారు?”

“అక్కడెవరూ లేరా?”

“మేకల తాత ఒకడున్నాడు. పట్టుకుంతానంతన్నాడు గానీ, మేకలు ఎలిపోతే బాజ్జిత ఎవలిదని అడుగుతున్నాడు.”

బాధ్యత హెరిటేజ్ క్లబ్బుదే అని హామీ ఇచ్చాను. మరి ఫోటో తీసేదెవరు? స్తూపం వెనక నీడలో ఒక కుర్రాడూ ఒక అమ్మాయీ కూర్చునున్నారట. కుర్రాణ్ణి బతిమాలితే ఫ్లెక్సీ మీద పేరు చదివి దడుచుకున్నాడు. మా బీకాం సెకండియర్ వాడే, క్లాసు ఎగ్గొట్టి వచ్చాడు. మాకు ఆ ఫోటో వాడే తీసిపెట్టాడు. ఒక పక్క మా అటెండరు, ఒక పక్క తాత, మధ్యలో ‘వారసత్వ సంపద పరిరక్షణ యాత్ర’, దాని కిందినుంచి ఏడెనిమిది మేకలు.

యాభై మందీ ఏరయ్యా అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. ఫోటో తీస్తున్నారు సార్, అందుకే అందులో పడలేదు అన్నాను. ఒక్క క్షణం చూసి సంతకం పెట్టారు. హెరిటేజ్ క్లబ్బు పుట్టినప్పటినుంచి సాలిహుండం చూసొచ్చిన విద్యార్థి ఆ బీకాం కుర్రాడొక్కడే. ఆ రోజు వాడికి ఆబ్సెంట్ వేసింది నేనే. హాజరు డెబ్బై అయిదు శాతం లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని వాడికి క్లాసు కూడా పీకాను.

ఇంతకీ ఆ సాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారు. ఆయనకి కన్వీనరూ లేడు, ఫ్లెక్సీ లేదు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, సాహితీ క్లబ్బుకి ఏడాది మొత్తానికీ అదే పెద్ద పండగ. ఈసారీ చేశాం. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషికి మా అధ్యక్షులవారు “వ్యావహారిక భాషోద్యమ పితామహుని జయంత్యుత్సవమునకు విచ్చేసిన విద్యార్థినీ విద్యార్థులారా, నేఁడు మనమెల్లరము” అంటూ అందుకున్నారు. అరసున్నా కూడా వినిపించింది, నా మీదొట్టు. తర్వాత ఒక కుర్రాడు మైకు పట్టుకుని “నాను రెండు ముక్కలు సెప్తానండి” అన్నాడు. “నాను ఏమిట్రా, నేను అను. స్టేజీ మీద యాసొద్దు” అన్నారు సారు. వాడు దిగిపోయాడు. నవ్వారందరూ. నేనూ నవ్వాను.

నవ్వురానిది ఆ తర్వాత జరిగింది. సీతంపేట వైపునుంచి వచ్చిన సవర పిల్ల ఒకతి ఉంది, ఫస్టియర్. తెలుగు లిపిలో సవర మాటలు, పక్కన తెలుగు అర్థాలు, వాళ్ల అమ్మమ్మని అడిగి నోటుబుక్కు నిండా రాసుకుంది. ఎవరూ రాయమనలేదు, మార్కుల్లేవు. “చదవొచ్చా సార్?” అని అడిగింది. “ఇది తెలుగు భాషా దినోత్సవమమ్మా” అన్నారు.

పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషయ్యా గిడుగు! ఆయన పటానికి దండ వేసి, ఆయన చేసిన పనే పద్దెనిమిదేళ్ల పిల్ల సొంతంగా చేసుకొస్తే, నోరు మూసుకోమంటారా? సిగ్గు లేదా? పదకొండు క్లబ్బులు పెట్టి, పది ఫైళ్లు కుట్టి, మనం వెతుకుతున్నామని రాసుకునేది ఈ పిల్లనే కదా! వచ్చి ఎదురుగా నిలబడితే ఏం చేశాం? ఫ్లెక్సీ ఒక కొస పట్టుకోమన్నాం. ‘గిరిజన విద్యార్థుల భాగస్వామ్యం’ కింద ఆ ఫోటో పనికొస్తుందట. నేను అక్కడే ఉన్నాను. ఫ్లెక్సీ వంకరగా ఉందని సరిచేస్తున్నాను.

ఫోటో బాగానే వచ్చింది, అక్షాంశం స్పష్టంగా పడింది.

నిన్న మా అటెండరు ఒక కబురు తెచ్చాడు. ఆ మేకల తాతకి మా సాలిహుండం ఫ్లెక్సీ కావాలట, పాక మీద కప్పుకుంటాడట, వాన కారుతోందట. అడిగిందాంట్లో తప్పులేదు. కానీ వచ్చే నెల మేము శ్రీముఖలింగం ‘వెళ్తున్నాం’. ఊరి పేరు మీద కాగితం అంటిస్తే అదే ఫ్లెక్సీ సరిపోతుంది. ఇవ్వడం కుదరదని చెప్పించాను. అక్కడ కొస పట్టుకోవడానికి ఎవరైనా దొరుకుతారేమో కనుక్కోమన్నాను.