ఈస్ట్‌గేట్ చల్లదనం చెదపుట్ట మహిమ కాదు

ఎండలు ముదిరితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది క్లుప్తంగా ఇది: జింబాబ్వే రాజధాని హరారేలో ఈస్ట్‌గేట్ సెంటర్ అనే పెద్ద బిల్డింగ్ ఉంది. చెదపుట్టను చూసి అచ్చం అలాగే కట్టారు. బయట 42 డిగ్రీలున్నా పుట్ట లోపల ఎప్పుడూ 31 డిగ్రీలే ఉంటుంది, అందుకని ఈ బిల్డింగ్ కూడా ఏసీలు, ఫ్యాన్లు లేకుండా దానంతటదే చల్లగా ఉంటుంది. కరెంటు 90 శాతం ఆదా. ఆఫ్రికావాళ్ళు ప్రకృతి ఒడిలో పుట్టారు కాబట్టి పురుగుల దగ్గర నేర్చుకున్నారు. మనమూ హైదరాబాద్‌లో, విజయవాడలో ఇలాగే కడితే ఏసీలతో పనే ఉండదు.

బిల్డింగ్ ఉన్నమాట నిజం. 1996లో తెరిచారు. ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్, ఇంజినీరింగ్ అరూప్ సంస్థది. సెంట్రల్ ఏసీ లేదన్నదీ నిజమే. నాకు తెలిసిన మంచి కట్టడాల్లో అది ముందు వరసలో ఉంటుంది. దాని గొప్పతనం ఒకచోట ఉంటే మెసేజ్ ఇంకోచోట చూపిస్తోంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

"ఫ్యాన్లు కూడా అక్కర్లేదు"

ఫ్యాన్లు ఉన్నాయి. ఆ బిల్డింగ్ నడిచేదే వాటి మీద. పక్కపక్కనే రెండు తొమ్మిదంతస్తుల బ్లాకులు, వాటి మధ్య పైన గాజు కప్పుతో పొడవాటి ఖాళీ జాగా. మొదటి అంతస్తులోని ఫ్యాన్లు ఈ జాగాలోంచి గాలిని లాగి, ఒక్కో బ్లాకు నడిమధ్యలో నిలువుగా వెళ్ళే డక్టుల్లోకి తోస్తాయి. అక్కడి నుంచి గాలి ప్రతి అంతస్తులో నేల కిందున్న బోలు కాంక్రీటులో తిరిగి, కిటికీల కింది జాలీల్లోంచి గదిలోకి వస్తుంది. గదిలో వేడెక్కి పైకి లేచి, సీలింగ్ దగ్గరున్న దారుల్లోంచి డాబా మీది 48 చిమ్నీలకు చేరి బయటపడుతుంది.

అసలు పని జరిగేది రాత్రిపూట. పగలు చిన్న ఫ్యాన్లు లోపలి గాలిని గంటకు రెండుసార్లు మారిస్తే, ఆఫీసులు మూసేశాక పెద్ద ఫ్యాన్లు గంటకు పదిసార్లు మారుస్తాయి. పగలంతా మనుషుల నుంచి, లైట్ల నుంచి, కంప్యూటర్ల నుంచి కాంక్రీటు పీల్చుకున్న వేడిని రాత్రి చలిగాలి కడిగేస్తుంది. తెల్లారేసరికి చల్లబడిన ఆ కాంక్రీటే మర్నాడు గదుల వేడిని మళ్ళీ పీల్చుకుంటుంది. నేల కింద కాంక్రీటుకు పళ్ళలాంటి అంచులు పెట్టింది కూడా గాలికి ఎక్కువ కాంక్రీటు తగలాలనే.

వేసవిలో రాత్రి పదింటికి కూడా మన ఇళ్ళ స్లాబు సెగ కొడుతూనే ఉంటుంది కదా, ఇదీ అదే కాంక్రీటు, అదే గుణం. మన స్లాబు పొద్దంతా ఎండలో కాగి, ఆ వేడిని రాత్రి మన మీదికే దింపుతుంది. హరారేలో కాంక్రీటును నీడలో ఉంచి, దాని వేడిని రాత్రి బయటికి పంపించేశారు. బయటి గోడల్లో గాజు 25 శాతం దాటకుండా చూశారు, కిటికీల మీద వెడల్పాటి సన్‌షేడ్లు పెట్టారు. గోడల పైతలాన్ని కావాలనే గరుకుగా వదిలారు. నున్నటి గోడకన్నా అది రాత్రి త్వరగా వేడిని వదులుతుంది. ఏసీ ప్లాంటు కొనకపోవడంతో కట్టడం ఖర్చులో సుమారు పదో వంతు మిగిలింది.

"పుట్టలో ఎప్పుడూ 31 డిగ్రీలే"

ఈ మాట ఒకప్పుడు సైన్సే. స్విట్జర్లాండ్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త మార్టిన్ లూషర్ 1961లో రాసిన వ్యాసంతో బాగా పాకింది. పుట్ట అడుగున లక్షల పురుగులూ, అవి సాకే శిలీంధ్రమూ వేడి పుట్టిస్తాయి, ఆ వేడిగాలి పైకి లేచి, గోడల దగ్గర చల్లబడి తిరిగి కిందికి దిగుతుంది అన్నది ఆయన వివరణ. పియర్స్ డిజైన్ చేసే నాటికి అందరూ నమ్మింది అదే కాబట్టి ఆయన్ను తప్పుపట్టడానికి లేదు.

తర్వాత స్కాట్ టర్నర్ అనే జీవశాస్త్రవేత్త నమీబియాలో, మాక్రోటెర్మెస్ జాతి పుట్టల్లోకి ఒక వాయువును పంపి అది ఎటు కదులుతుందో కొలిచాడు. లూషర్ చెప్పినట్టు చక్కగా గుండ్రంగా తిరిగే గాలి కనపడలేదు. బయట గాలి విసురు పెరిగి తగ్గేకొద్దీ లోపలి గాలి కొంత ముందుకూ కొంత వెనక్కూ ఊగుతోంది. పుట్టను ఆయన ఊపిరితిత్తులతో పోల్చాడు. ఇక 31 డిగ్రీల సంగతి. పురుగులుండే గూడు నేలమట్టానికి దిగువన ఉంటుంది, కనుక ఒక్క రోజులో వేడి పెద్దగా మారదు. ఏడాది పొడవునా చూస్తే మాత్రం చుట్టూ ఉన్న మట్టితో పాటే మారుతుంది. చలికాలంలో 15 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది, వేసవిలో 30 దాటుతుంది. టర్నర్, రూపర్ట్ సోర్ కలిసి 2008లో రాసిన పత్రం, ఈస్ట్‌గేట్‌కు ఆధారమైన పుట్ట సిద్ధాంతం సరైంది కాదని సూటిగానే చెప్పింది.

మనకు దగ్గర్లో జరిగిన పని కూడా ఒకటుంది. 2015లో హంటర్ కింగ్, శామ్యూల్ ఓకో, ఎల్. మహదేవన్ ప్రచురించిన పరిశోధన బెంగళూరు పుట్టల మీద చేసిందే. ఒడోంటోటెర్మెస్ ఒబెసస్ అనే ఈ జాతి మన పొలాల గట్ల మీద కూడా ఉంటుంది. పగలు పుట్ట అంచులు ముందుగా వేడెక్కి గాలి అంచుల్లో పైకి, మధ్యలో కిందికి నడుస్తుంది. రాత్రి అంచులు ముందుగా చల్లబడేసరికి దారి తిరగబడుతుంది. గాలి మారడం వల్ల లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. అంటే పుట్ట గాలి దారులు ముఖ్యంగా ఊపిరి కోసం, చల్లదనం కోసం కాదు. పుట్టను చూసి పియర్స్‌కు ఆలోచన వచ్చిందంటే ఒప్పుకుంటాను. కానీ బిల్డింగ్‌ను చల్లబరుస్తున్నది రాత్రి చలి, బరువైన కాంక్రీటు, కరెంటుతో తిరిగే ఫ్యాన్లు.

"కరెంటు 90 శాతం ఆదా"

ఈ లెక్క గాలి నడిపే ఖర్చుకు మాత్రమే సంబంధించింది, ఏసీ బిల్డింగులో దానికయ్యే ఖర్చులో ఇక్కడ పదో వంతే అవుతుందని. మొత్తం బిల్డింగ్ వాడకాన్ని హరారేలోనే ఉన్న ఆరు ఏసీ బిల్డింగుల సగటుతో పోలిస్తే తగ్గింది 35 శాతం. లిఫ్టులు, లైట్లు, కంప్యూటర్లు అక్కడా కరెంటు మీదే నడుస్తాయి కదా. ముప్పై ఏళ్ళ కిందటి బిల్డింగ్‌కు 35 శాతం చిన్న విషయమేమీ కాదు.

"ఆఫ్రికావాళ్ళు పురుగుల దగ్గర నేర్చుకున్నారు"

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. పొగుడుతున్నట్టే ఉంటుంది, కానీ అందులో మనుషుల తెలివికి చోటు లేదు. ఆఫ్రికాలో ఇల్లు కట్టే విద్యకు మేస్త్రీలున్నారు, గురువులున్నారు, సంఘాలున్నాయి.

మాలీలోని జెన్నె పట్టణం చూడండి. అక్కడి మట్టి మసీదు ఇప్పుడున్న రూపం 1907 నాటిది. దాన్ని నిలబెడుతున్నది బారే తాన్ అనే మేస్త్రీల సంఘం. ఏటా ఊరంతా కలిసి ఒక పండగలా గోడలకు కొత్త మట్టి పూస్తారు. గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన తాటి దూలాలు చూడ్డానికి అందమే, కానీ పూత వేసేటప్పుడు మేస్త్రీలు ఎక్కి నిలబడేదీ వాటి మీదే.

బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లె ఉంది. ఫ్రాన్సిస్ కెరే ఆ ఊళ్ళోనే పుట్టి, జర్మనీలో ఆర్కిటెక్చర్ చదువుతూ సొంత ఊరికి బడి కట్టాడు. 2001లో పూర్తయింది. గోడలకు కొద్దిగా సిమెంటు కలిపి నొక్కిన మట్టి ఇటుకలు. రేకుల కప్పు నేరుగా గదిమీద పడకుండా ఎత్తుగా లేపి, కింద సందులున్న మట్టి ఇటుకల సీలింగ్ వేశాడు. గది వేడి ఆ సందుల్లోంచి పైకి పోతుంది, రేకుకూ సీలింగ్‌కూ మధ్య వీచే గాలి దాన్ని ఈడ్చుకుపోతుంది. రేకుల షెడ్డు బడిలో మధ్యాహ్నం పాఠం విన్నవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది. ఇటుకలు చేసిందీ గోడలు లేపిందీ ఊరివాళ్ళే. ఆ బడికి 2004లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. 2022లో కెరే ఆర్కిటెక్చర్‌లో అన్నిటికన్నా పెద్దదిగా చెప్పుకునే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నాడు, ఆఫ్రికాలో పుట్టినవాళ్ళలో ఆ బహుమతి పొందిన మొదటి ఆర్కిటెక్ట్ ఆయనే.

"హైదరాబాద్‌లో, విజయవాడలో ఇలాగే కట్టేయాలి"

హరారే సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ అన్నిటికన్నా వేడి నెల అక్టోబరు, అప్పుడు కూడా పగటి సగటు గరిష్ఠం 29 డిగ్రీల దగ్గరే, రాత్రి 15 దాకా దిగుతుంది. ఆ తేడాయే ఈస్ట్‌గేట్‌కు ప్రాణం. విజయవాడలో మే నెల పగలు 40 దాటుతుంది, రాత్రి 28 దగ్గర ఆగిపోతుంది, పైగా ఉక్కపోత. గంటకు పదిసార్లు గాలి మార్చినా 28 డిగ్రీల గాలితో కాంక్రీటు అంతకంటే చల్లబడదు. హైదరాబాద్‌లో మే రాత్రులు 26 దగ్గర ఉంటాయి, కాస్త నయం, కానీ హరారేతో పోలిక లేదు. చలికాలపు నెలల్లో మాత్రం రాత్రిగాలి ఇక్కడా బాగా పనికొస్తుంది.

పియర్స్ కూడా ఒకే నమూనాను అన్ని ఊళ్ళకూ మోయలేదు. 2006లో మెల్‌బోర్న్‌లో తెరిచిన కౌన్సిల్ హౌస్ 2 అనే నగర కౌన్సిల్ ఆఫీసు బిల్డింగ్ పనిలో ఆయన ముఖ్యుడు. అక్కడ రాత్రిపూట వాటంతటవే తెరుచుకునే కిటికీలతో పాటు చన్నీళ్ళు పారే సీలింగ్ ప్యానెళ్ళు వాడారు, ఎండ వచ్చే పడమటి వైపు పాత కలపతో కదిలే తడికలు పెట్టారు.

ఈస్ట్‌గేట్ నుంచి మనం తెచ్చుకోదగ్గవి గోడల్లో గాజు తగ్గించడం, ఉన్న గాజు మీద ఎండ పడకుండా లోతైన సన్‌షేడ్ పెట్టడం. వీటికి చల్లటి రాత్రులతో పని లేదు. గచ్చిబౌలిలో పడమటి ఎండకు నిలువెల్లా గాజు తొడిగి లేస్తున్న టవర్లకు ముందుగా కావలసింది అదే.