తెచ్చిన తుపాకే భయానికి కారణమైతే?

2020 ఆగస్టు 25 రాత్రి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, కెనోషా నగరం. రెండు రోజుల ముందు జేకబ్ బ్లేక్ అనే నల్లజాతీయుడిపై ఒక పోలీసు కాల్పులు జరపడంతో ఊరు అట్టుడికిపోతోంది. పాత కార్లు అమ్మే షాపులను కాపాడతామంటూ కొందరు తుపాకులు తగిలించుకుని వచ్చారు. పక్కనున్న ఇల్లినాయిస్‌ నుంచి వచ్చిన పదిహేడేళ్ల కైల్ రిటెన్‌హౌస్ వాళ్లలో ఒకడు. ఆ రాత్రి అతని రైఫిల్ తూటాలకు ఇద్దరు చనిపోయారు, మూడో మనిషి చేతికి పెద్ద గాయమైంది. 2021 నవంబర్ 19న జ్యూరీ అతన్ని నిర్దోషిగా తేల్చింది.

ఆ తీర్పు చట్టం ప్రకారం తప్పని నేను అనను. ఆత్మరక్షణ కోసమే కాల్చానని నిందితుడు అంటే, అది ఆత్మరక్షణ కాదని సందేహానికి తావు లేకుండా రుజువు చేయాల్సింది ప్రభుత్వమే. మొదటి వ్యక్తి అతన్ని తరిమాడు. రెండో వ్యక్తి స్కేట్‌బోర్డుతో కొట్టాడు. మూడో వ్యక్తి చేతిలో పిస్టల్ ఉంది, దాన్ని నిందితుడి వైపు గురిపెట్టాకే తనను కాల్చాడని అతనే కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ కొద్ది సెకన్లే చూస్తే జ్యూరీ మరో మాట చెప్పడం కష్టం. నా అభ్యంతరం ఆ కొద్ది సెకన్లే చూడటం మీద.

రిటెన్‌హౌస్ బోనులో నిలబడి చెప్పినదాన్ని గమనించండి. తరిమిన మొదటి వ్యక్తి తన రైఫిల్ లాక్కుని, దాంతోనే తనను చంపేస్తాడని భయపడ్డానన్నాడు. మెడలో రైఫిల్ వేలాడకపోతే ఈ భయం ఎక్కడిది? ఆయుధం తెచ్చిందీ అతనే, ఆ ఆయుధాన్ని చూపి భయానికి కారణం చెప్పిందీ అతనే. పైగా రెండో వ్యక్తీ మూడో వ్యక్తీ తరిమింది, అప్పటికే ఒకరిని కాల్చి పారిపోతున్న మనిషిని. వాళ్ల దృష్టిలో వాళ్లూ జనాన్ని కాపాడుతున్నవాళ్లే.

ఈ తీర్పు వచ్చిన ఐదు రోజులకే జార్జియాలో మరో తీర్పు వచ్చింది. జాగింగ్ చేస్తున్న అహ్మద్ ఆర్బెరీని దొంగ అనుకుని ముగ్గురు పికప్ ట్రక్కుల్లో వెంటాడి, షాట్‌గన్‌తో కాల్చారు. అక్కడా కాల్చినవాడిది అదే వాదన: నా తుపాకీ లాక్కోబోయాడు. ముగ్గురినీ దోషులుగా తేల్చారు, ఎందుకంటే అక్కడి జ్యూరీ వెంటాడటం దగ్గర నుంచి లెక్కపెట్టింది. నిజానికి వాళ్లలో ఒకడు తీసిన వీడియో బయటికి రాకపోతే కేసు అంతదూరం వచ్చేదా అన్నది నా అనుమానం. చనిపోయినవాడు తన వైపు కథ చెప్పలేడు కదా.

2005లో ఫ్లోరిడా రాష్ట్రం, ప్రాణభయం ఉంటే ఇంటి బయట కూడా వెనక్కి తగ్గనక్కర్లేదని, ఎదురు కాల్చవచ్చని చట్టం చేసింది. చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 2022లో అమెరికా సుప్రీంకోర్టు, ఇంటి బయట తుపాకీ పట్టుకు తిరగడం రాజ్యాంగ హక్కేనంది. బయట తుపాకులు పెరిగాయి, తప్పుకోవాల్సిన బాధ్యత తగ్గింది.

ఇలాంటి చట్టాలు బలహీనుల కోసమేనని సమర్థించేవాళ్లు అంటారు. ఇంట్లో తన్నులు తినే ఆడమనిషిని పారిపొమ్మని చెప్పడం అన్యాయమన్నది నిజమే. కానీ అదే ఫ్లోరిడాలో, జాక్సన్‌విల్‌లో భర్తకు భయపడి హెచ్చరికగా ఒక్క తూటా పేల్చిన మహిళకు, ఎవరికీ గాయం కాకపోయినా, 2012లో 20 ఏళ్ల జైలు పడింది. ఆ చట్టం ఆమెకు అక్కరకు రాలేదు. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసినా, అది జ్యూరీకి ఇచ్చిన సూచనల్లో తప్పు వల్లే.

నేను కోరేది తుపాకుల నిషేధం కాదు. ఇంట్లో, ఒంటి మీద దాడి జరిగినవాళ్లకు ఇప్పుడున్న ఆత్మరక్షణ హక్కు అలాగే ఉండాలి. తనకు సంబంధం లేని గొడవలోకి తుపాకీతో తనంతట తాను వెళ్లినవాడు మాత్రం, కాల్చేముందు తప్పుకునే దారులన్నీ వెతకాలి. ఎందుకు వచ్చాడో, ఎలా వచ్చాడో కూడా జ్యూరీ తూకం వేయాలి. 2012లో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో పదిహేడేళ్ల ట్రేవాన్ మార్టిన్ వెంటపడిన కాపలా వాలంటీరుకు, నువ్వు అలా వెళ్లాల్సిన పనిలేదని పోలీసు ఫోన్‌లైన్‌లోని ఉద్యోగి చెప్పాడు. కాసేపటికే ఆ పిల్లవాడు తూటాకు బలయ్యాడు. లెక్క మొదలుపెట్టాల్సింది ఆ ఫోన్ కాల్ దగ్గర.